మునిగిన ఊళ్ల సర్వే కాగితాలు మీ చేతికొస్తే ఏం చెయ్యాలి

మొదటి రోజు ఏ కట్టా విప్పకండి. ట్రంకు పెట్టె మూత తీస్తే లోపల నోటుబుక్కులు, పురికొసతో కట్టిన కాగితాలు, ఫొటో కవర్లు, చుట్ట చుట్టిన మ్యాపులు కనబడతాయి, వెంటనే సర్దేయాలనిపిస్తుంది. ఆగండి. ఏ కవరు ఏ నోటుబుక్కు మధ్య ఇరుక్కుని ఉందో, ఏ మ్యాపు ఏ కట్టతో కలిసి ఉందో, అదీ సమాచారమే. ఫోన్‌తో పైనుంచి ఒక ఫొటో తియ్యండి, ఒక్కో పొర తీసినప్పుడల్లా ఇంకో ఫొటో. నేను మొదటిసారి ఇలాంటి పెట్టె సర్దినప్పుడు ఈ పని చెయ్యలేదు. ఫొటోలన్నీ ఒకవైపు, నోటుబుక్కులన్నీ ఒకవైపు వేరు చేసి పెట్టాను. చూడ్డానికి శుభ్రంగానే ఉంది గానీ వెనక ఏమీ రాయని నలభై ఫొటోలు ఏ ఊరివో ఇప్పటికీ తేలలేదు. అవి ఏ నోటుబుక్కులో ఉన్నాయో గుర్తుంటే ఊరు తెలిసిపోయేది.

నేను రాస్తున్నది ముఖ్యంగా కృష్ణా మీది రెండు జలాశయాల గురించి, నాగార్జునసాగర్, శ్రీశైలం. ఈ రెండింటి ముంపు ప్రాంతాల్లో పురావస్తు సర్వేలు, తవ్వకాలు జరిగాయి. సర్కారు ఆఫీసుల్లో ఉన్నవి కాకుండా, రిటైరైన ఉద్యోగుల ఇళ్లలో, కాలేజీల హిస్టరీ డిపార్ట్‌మెంట్ల బీరువాల్లో, ఊరి చరిత్ర మీద ఇష్టంతో తిరిగినవాళ్ల దగ్గర కూడా కాగితాలు ఉంటాయి. అలాంటివి మీ చేతికొస్తే ఏం చెయ్యాలన్నదే ఇక్కడ విషయం.

ఎందుకింత జాగ్రత్త అంటే నాగార్జునకొండనే చూడండి. 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వారు. డ్యామ్ రావడం ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వారు. ఆ చివరి తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది, రెండో సంపుటం 2006లో వచ్చింది. అంటే పార కింద పెట్టిన 46 ఏళ్లకి. అన్నేళ్లూ నోట్సులూ డ్రాయింగులూ నెగటివ్‌లూ ఎక్కడో బతికి ఉండబట్టే అది సాధ్యమైంది. మామూలు చోటైతే అనుమానం వచ్చినప్పుడు మళ్లీ వెళ్లి చూసుకోవచ్చు, ఇంకో ట్రెంచ్ (తవ్వకపు గుంట) వేసుకోవచ్చు. నాగార్జునకొండ ఉన్న ఆ విజయపురి లోయ మీద ఇప్పుడు సాగర్ నీళ్లున్నాయి. అందుకే చెదలు తిన్న ఒక్క నోటుబుక్కు కూడా నాకు చిన్న నష్టంలా కనబడదు.

ముడి తెగకూడదు

సర్వే రికార్డు అంటే నోటుబుక్కు ఒక్కటే కాదు. నోటుబుక్కులోని పేజీ, ఆ రోజు తీసిన ఫొటో, అక్కడ ఏరిన చిల్లపెంకుల సంచి, మ్యాపు మీద పెట్టిన చుక్క, ఈ నాలుగూ ఒకదాన్ని ఒకటి చూపించాలి. ఒకటి విడిపోతే మిగతా మూడింటి విలువ కూడా సగం పడిపోతుంది. కాబట్టి మీరు చేసే మొదటి అసలు పని నంబర్లు వెయ్యడం. ప్రతి నోటుబుక్కుకీ, కవరుకీ, మ్యాపుకీ ఒక నంబరు, మెత్తటి పెన్సిల్‌తో, వెనకవైపు మూలన. బాల్ పెన్ వద్దు, స్కెచ్ పెన్ అసలే వద్దు. పాత నంబర్లు ఏవైనా ఉంటే కొట్టెయ్యకండి, అవి మీకు అర్థం కాకపోయినా సరే.

పాత నంబర్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. నాగార్జునకొండలో లాంగ్‌హర్స్ట్ స్తూపాలకి, విహారాలకి విడివిడిగా నంబర్లు ఇచ్చుకున్నారు. 1954 తర్వాత తవ్వినవాళ్లు లోయ మొత్తానికీ సైట్ నంబర్లు పెట్టారు. ఒకే కట్టడానికి రెండు నంబర్లున్నాయన్న మాట. ఇది తెలియకుండా చదివితే ఒకే స్తూపాన్ని రెండుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది. మీ దగ్గరున్న కాగితాల్లోనూ ఇలాంటిది ఉండొచ్చు, మొదటి ఏడాది ఒక పద్ధతి, మూడో ఏడాది ఇంకో పద్ధతి. పాత నంబరు, తర్వాతి నంబరు, మీ నంబరు పక్కపక్కన ఉండేలా ఒక పట్టిక తయారు చేసుకోండి. పెంకుల మీద ఇండియన్ ఇంకుతో రాసిన పొట్టి గుర్తులకి అర్థం ఏమిటో అదే పట్టికలో రాయండి, ఊరి గుర్తు, ఏడాది, ట్రెంచ్, పొర, వరస నంబరు. ఆ గుర్తుల అర్థం తెలిసిన మనిషి ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి.

ఊరి పేరు, తాలూకా, మండలం, జిల్లా

మన దగ్గర తికమకంతా ఇక్కడే వస్తుంది. 1956కి ముందు కాగితమైతే కృష్ణకి ఒక ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, ఇంకో ఒడ్డు 1953 దాకా మద్రాసు, ఆపైన ఆంధ్ర. ఆ తర్వాత రెండూ ఒకటయ్యాయి, 2014లో మళ్లీ విడిపోయాయి. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు సర్వేల్లో తాలూకాలే ఉంటాయి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. ఆలంపూర్ మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాలకి వచ్చింది, మాచర్ల గుంటూరు నుంచి పల్నాడుకి వెళ్లింది. సాగర్ నీళ్లలో మునిగిన ఏలేశ్వరం తవ్వకాల గురించి వెతికితే ఆ పేరునే ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాసినట్టు కనబడుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, మునిగిన ఊరి జనం గట్టు మీద కొత్త ఊరు కట్టుకుని పాత పేరే పెట్టుకుంటారు. నలభై ఏళ్ల తర్వాత మ్యాపులో వెతికినవాడికి కొత్త ఊరే దొరుకుతుంది, పాత ఊరి పాటిదిబ్బని (పూర్వం జనం బతికిన చోటి మట్టిదిబ్బని) తీసుకెళ్లి కొత్త ఊరి మీద పెట్టేస్తాడు. అందుకని ప్రతి స్థలానికీ ఇవన్నీ వేరువేరు గళ్లలో రాయండి: కాగితంలో ఉన్న పేరు ఉన్నది ఉన్నట్టుగా, తెలుగులో సరైన పేరు, అప్పటి తాలూకా, అప్పటి జిల్లా, ఇప్పటి మండలం, ఇప్పటి జిల్లా, ఊరు మునిగిందా లేదా, మునిగితే కొత్త ఊరు ఎక్కడ. కాగితంలో తప్పు ఉందనిపించినా దిద్దకండి, పక్కన మీ మాట రాయండి.

మ్యాపు విషయంలో ఒక్క హెచ్చరిక. పాత టోపోషీట్లు (సర్వే శాఖ మ్యాపులు) భూమి ఆకారానికి వేసుకున్న ఎవరెస్ట్ అనే పాత కొలమానం మీద గీసినవి, మీ ఫోన్ జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త కొలమానం మీద పనిచేస్తుంది. పాత షీటులోని అక్షాంశ రేఖాంశాలు నేరుగా ఫోన్‌లో కొడితే మన ప్రాంతంలో వంద మీటర్లకి పైనే పక్కకి పోతుంది. ఒక చిన్న దిబ్బ విషయంలో వంద మీటర్లంటే అసలు దిబ్బే దొరకదు. ఏ షీటు, ఏ ఏడాది ముద్రణ, ఏ స్కేలు అన్నది తప్పకుండా రాసుకోండి. నాగార్జునకొండ 56 పి షీటులో, ఆలంపూర్ 57 ఐ షీటులో వస్తాయి, ఇలాంటి నంబరు కాగితం మూలన చిన్నగా కనబడితే దాన్ని వదిలెయ్యకండి.

ఆ రోజు నీళ్లు ఎంత ఉన్నాయి

జలాశయం నిండిన తర్వాత చేసిన సర్వేలకి ఇది ప్రాణం, అయినా ఎక్కువమంది రాయరు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, సాగర్‌ది 590. వేసవిలో నీళ్లు దిగుతుంటే ఒడ్డు కిలోమీటర్ల కొద్దీ బయటపడుతుంది. సంగమేశ్వరం గుడి కూడా అలాగే బయటపడుతుంది, వరద రాగానే మళ్లీ మునుగుతుంది. ఒక సర్వేలో "ఇక్కడ ఏమీ కనబడలేదు" అని ఉందనుకోండి. అక్కడ నిజంగా ఏమీ లేదా, ఆ రోజు నీళ్లలో ఉందా? నీటిమట్టం తెలియకపోతే ఆ వాక్యానికి అర్థమే లేదు.

కాబట్టి సర్వే తేదీ దొరికిన ప్రతిచోటా పక్కన ఒక గడి పెట్టి ఆ రోజు మట్టం నింపండి. ప్రాజెక్టు వాళ్ల దగ్గర రోజువారీ లెక్కలుంటాయి, వరదల కాలంలోనైతే పాత పేపర్లలో కూడా దొరుకుతాయి. కొత్తగా మీరే తిరుగుతుంటే తేదీతో పాటు మట్టం రాయకుండా పేజీ తిప్పకండి.

ఇంకో సంగతి. ఏటా నీళ్లు ఎక్కి దిగుతుంటే పైమట్టి కొట్టుకుపోతుంది, కింద ఉన్న పెంకులు పైకి తేలతాయి, కొన్ని జారి పల్లానికి చేరతాయి. అందుకే ఒకే దిబ్బ మీద పదేళ్ల తేడాతో ఏరిన రెండు సంచుల్ని, చోటు ఒకటే కదా అని కలిపెయ్యకండి. ఆ రెండింటికీ మధ్య తేడానే ఆ దిబ్బ ఎంత అరిగిపోయిందో చెబుతుంది.

కాగితం, ఫిల్ము, అచ్చులు

గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, నెమ్మదిగా తీసి ఆ కాగితాల్ని నూలు టేపుతో వదులుగా కట్టండి. సెల్లో టేపు, ఫెవికాల్, లామినేషన్ ఈ మూడూ వద్దు. లామినేషన్ చేస్తే భద్రం అని చాలామంది అనుకుంటారు గానీ ఒకసారి ప్లాస్టిక్‌లో అతుక్కున్న కాగితాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం. చిరిగినదాన్ని మీరు అతికించొద్దు, కాస్త పెద్ద తెల్ల కాగితం మడతలో పెట్టి పక్కన ఉంచండి, పని తెలిసినవాళ్లు తర్వాత చూస్తారు.

పెట్టెలు నేల మీద పెట్టకండి. గోడకి ఆనించకండి. బాత్‌రూమ్ గోడకి అవతలివైపు ఉన్న బీరువా కంటే మంచం కింద పెట్టడమే నయం అనిపించే ఇళ్లు చూశాను, రెండూ తప్పే. ఇనప బీరువా మధ్య అర మంచిది, వానాకాలంలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బూజు వస్తుంది. చిన్న తేమ మీటరు కొని లోపల పెట్టుకుంటే ఊహించుకునే పని ఉండదు. వేపాకు పెట్టే అలవాటు ఉంటే బాగా ఎండినదే పెట్టండి, పచ్చి ఆకు తేమ తెస్తుంది.

తడిసిన కాగితమైతే మొదటి రెండు రోజులే మీ చేతిలో ఉంటాయి, తర్వాత బూజు పడుతుంది. ఎండలో వెయ్యకండి. ఫ్యాను గాలికి పరిచి, పేజీల మధ్య బ్లాటింగ్ పేపరు పెట్టి తరచూ మారుస్తూ ఉండాలి. ఆ రోజుల్లో ఫౌంటెన్ పెన్నుతో రాసిన సిరా నీళ్లు తగిలితే కారిపోతుంది, దాన్ని అద్దకండి, రుద్దకండి.

నెగటివ్‌లకి ముందు వాసన చూడండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఆ ఎసిటేట్ ఫిల్ము కుళ్లుతోందని అర్థం, పక్కవాటిని కూడా పాడుచేస్తుంది, వెంటనే వేరు చేసి అన్నిటికంటే ముందు స్కాన్ చెయ్యండి. ఫిల్ము అంచు మీద సేఫ్టీ అని ఉందేమో చూడండి. 1950కి ముందుదై, ఆ మాట లేకపోతే నైట్రేట్ ఫిల్ము కావచ్చు, అది చాలా తొందరగా అంటుకుంటుంది, ఇంట్లో ఉంచుకోకుండా తెలిసినవాళ్లతో మాట్లాడండి. గాజు నెగటివ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, కాగితం కవర్లలో పెట్టి నిలబెట్టాలి.

అమ్మోనియా ప్రింట్లు (ప్లాన్లకి తీసే పాతకాలం నకళ్లు) వెలుతురుకి వెలిసిపోతాయి, పక్క కాగితాల్ని కూడా పసుపు చేస్తాయి, విడిగా పెట్టండి. ట్రేసింగ్ క్లాత్ మీద గీసిన ప్లాన్లకి తడి గుడ్డ తగిలించకండి, దాని మీది గంజి పూత కరిగిపోతుంది. మడతలు పడిన మ్యాపుని ఇస్త్రీ చెయ్యాలన్న ఆలోచన వద్దే వద్దు. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని (పైన చెప్పిన సంగమేశ్వరం గుడి కాదు, ఇది వేరు) విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు, ఇలాంటి పనుల్లో రాయి రాయికీ నంబరు వేసిన డ్రాయింగులు ఉంటాయి. రేపు ఆ గోడలో ఒక రాయి కదిలితే ఏది ఎక్కడిదో చెప్పగలిగేది ఆ కాగితమే, కాబట్టి అలాంటిది దొరికితే దానికి మొదటి స్థానం ఇవ్వండి.

శాసనాల అచ్చులు, అదే ఎస్టాంపేజీలు, వేరే జాతి. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది తీసినవి. కాగితంలో అక్షరాల గుంటలు నిజంగానే ఉంటాయి. బరువు పెట్టి చదును చేస్తే ఆ గుంటలు పోతాయి, తడిస్తే అసలుకే పోతాయి. వదులుగా, పొడిగా, ఒక్కొక్కటి విడిగా పెట్టండి.

స్కాన్, ఫైలు పేర్లు, కాపీలు

నోటుబుక్కులకి 400 డీపీఐ రంగులో చాలు. చిన్న ఫొటోలకి 600. 35 ఎంఎం నెగటివ్‌లకి కనీసం 2400. అసలు కాపీ టిఫ్‌లో ఉంచండి, చూడ్డానికి, పంచుకోడానికి జేపెగ్ లేదా పీడీఎఫ్. ఖాళీ పేజీలు, అట్టలు, పేజీ మూలన రాసిన టీ ఖర్చుల లెక్కలు కూడా స్కాన్ చెయ్యండి, ఆ లెక్కల్లోని తేదీని బట్టే ఒక్కోసారి ఏ వారం ఏ ఊళ్లో ఉన్నారో తెలుస్తుంది. ఫోన్‌తో తీసిన ఫొటోలు లేనిదానికంటే మేలే, కానీ వాటిని స్కాన్ అని లిస్టులో రాయకండి.

ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో, ఖాళీలు లేకుండా, ప్రాజెక్టు గుర్తు, ఏడాది, నోటుబుక్కు నంబరు, పేజీ నంబరు ఇదే వరసలో. పేజీ నంబరు 7 అని కాకుండా 007 అని పెడితే వరస చెడదు. వివరాల పట్టిక ఎక్సెల్‌లో చేసుకున్నా దాంతో పాటు యూనికోడ్‌లో సీఎస్‌వీ కాపీ కూడా ఉంచండి.

తెలుగు ఫైళ్లకి మాత్రం వేరే తలనొప్పి ఉంది. 1990ల నుంచి డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన రిపోర్టులు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులు కనబడతాయి, ఫైలు పాడైందనుకుని తీసేసేవాళ్లున్నారు. తీసెయ్యకండి. అసలు ఫైలు అలాగే ఉంచి, ఒక పీడీఎఫ్ చేసి, తర్వాత యూనికోడ్‌లోకి మార్చి, మార్చినదాన్ని మనిషి కూర్చుని అసలుతో పోల్చి చదవాలి. ఒత్తులు, అంకెలు తేడా వస్తుంటాయి, 3వ పొర 8వ పొర అయిపోతే ఆ నష్టం ఎవరికీ కనబడదు.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. పెన్ డ్రైవ్‌ని కాపీగా లెక్కపెట్టకండి. వేరే ఊరు అంటే అదే నది ఒడ్డున ఉన్న ఊరు కాదు: 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు, ఆలంపూర్ రెండూ నీళ్లలో ఉన్నాయి. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) తీసి లిస్టు దాచుకుంటే, తర్వాత ఏ ఫైలు మారిందో, ఏది పాడైందో ఇట్టే తెలుస్తుంది. దీనికి ఉచిత ప్రోగ్రాములు చాలా ఉన్నాయి.

అందరికీ చూపించకూడనివి

కాగితాలు అందరికీ అందుబాటులో ఉండాలన్నదే నా కోరిక, ఒక్క విషయంలో తప్ప. స్థలాల కచ్చితమైన జీపీఎస్ అంకెలు బయట పెట్టకండి. గుప్తనిధుల కోసం గుళ్లు, రాకాసి గుళ్లు (పెద్ద బండలతో కట్టిన ప్రాచీన సమాధులు) తవ్వేసే ముఠాల గురించి మనం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. బయటికిచ్చే పట్టికలో ఊరు, మండలం వరకే ఉంచి, పూర్తి పట్టిక వేరుగా దాచి, అది ఎవరికి ఇచ్చారో రాసుకోండి.

పెట్టెలో కాగితాలతో పాటు నాణేలు, పూసలు, చిన్న విగ్రహాలు కనబడితే కంగారు పడకండి, అలాగని ఇంట్లో దాచుకోకండి. పురావస్తువులకి 1972 నాటి చట్టం ఉంది. ఫొటో తీసి, ఏ సంచిలో ఏ చీటీతో ఉందో రాసి, రాష్ట్ర పురావస్తు శాఖకి రాతపూర్వకంగా తెలియజేయండి. చీటీ ఊడిపోయి ఉంటే ఊహించి కొత్తది పెట్టొద్దు, చీటీ లేదని రాయండి.

కదిలిపోయిన ఊళ్ల పెద్దవాళ్లని కూడా కలవండి. పాత మ్యాపు ముందు పరిచి అడిగితే ఏ చేను పేరేమిటో, వీరగల్లు (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఏ చెట్టు కింద ఉండేదో, ఏ పొలం దున్నితే పెంకులొచ్చేవో చెబుతారు. వాళ్ల అనుమతి అడిగి రికార్డు చెయ్యండి, తేదీ, చోటు, ఎవరు ఉన్నారో మొదట్లోనే గొంతుతో చెప్పండి. ఇళ్లు, పొలాలు పోయిన బాధ వాళ్లకి ఇంకా ఉంటుంది, పెంకుల గురించి అడిగే ముందు ఊరి గురించి చెప్పనివ్వండి.

చివరికి ఈ కాగితాలు ఒక సంస్థకి చేరాలి, విశ్వవిద్యాలయం కావచ్చు, పురావస్తు శాఖ కావచ్చు, రాష్ట్ర ఆర్కైవ్స్ కావచ్చు. ఇచ్చేటప్పుడు లిస్టు రెండు ప్రతులు తీసి రెండింటి మీదా సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. "చూసి ఇచ్చేస్తాం" అన్నవాళ్లకి స్కాన్ కాని నోటుబుక్కు ఇవ్వకండి, నేను అలా ఇచ్చిన ఒకటి తిరిగి రాలేదు. అప్పగించే దాకా మాత్రం ఏటా మే నెలాఖరులో, వానలు పడకముందే, పెట్టెలన్నీ ఒకసారి తెరవండి: చెదలు, వెండిపురుగులు, పుల్లటి వాసన చూసుకోండి, హార్డ్ డిస్కులు తగిలించి చెక్‌సమ్‌లు సరిపోల్చండి, ఆ రోజు తేదీ పెట్టె మూత లోపలి చీటీ మీద పెన్సిల్‌తో వెయ్యండి.